బగ్గీకొట్టం కొంటానన్న కోడలికి మామ జాబు

పాపా,

నువ్వు పంపిన ఫోటోలు పదకొండూ చూసినాను. రాత్రి మీ అత్త కళ్ళజోడు లాక్కొని ఇంకోసారి చూసినాను. పాతబస్తీలో పెద్ద బంగళా వెనక బగ్గీకొట్టం, మూడు సెంట్లు, "కాస్త రిపేరు చేసుకుంటే మహలే సార్" అని బ్రోకరు మాట. నీకు నచ్చేసిందని నువ్వు రాసిన తీరులోనే తెలుస్తాంది. నచ్చినాక సలహా అడగడం మన ఇంట్లో మామూలే కదా.

వద్దని చెప్పను. ఆలంపురం గుడికి రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవంట, అందుకే ఈ ఊరు కందెనవోలు అయిందని మా నాయన చెప్పేవాడు. బండ్లతో పేరు తెచ్చుకున్న ఊళ్ళో బండి నిలిపిన కొట్టం కొంటానంటే అడ్డం పడేదెందుకు? కానీ ఆ కట్టడం మనుషులు కాపురముండడానికి కట్టింది కాదు. బండికీ గుర్రానికీ కట్టింది. అందులో ఉన్న మంచీ చెడ్డా రెండూ ఆడి నుంచే వచ్చినాయి.

మొదట దారి సంగతి. బగ్గీకొట్టం ఎప్పుడూ బంగళాకు తోకలాగా ఉంటుంది. ఒకే ఇంటివాళ్ళది కాబట్టి ఆ కాలంలో దారి ఎవరిదనే ప్రశ్నే లేదు. ఇప్పుడు ముందు బంగళా ఒకరికి అమ్మి, వెనక కొట్టం నీకు అమ్ముతాన్నారు. మధ్యలో ఉన్న ఆ పది అడుగుల సందు ఎవరి పేరున ఉంది? బావి ఎవరిది? మిద్దె మీది వాననీళ్ళు ఎవరి పెరట్లో పడతాయి? ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా నడిచిన దారికి చట్టం హక్కు ఇస్తుంది, నిజమే. అయితే ఆ ఇరవై ఏళ్ళు కోర్టులో రుజువు చేసేలోపు నీకు నా వయసు వస్తుంది. దారి, దాని వెడల్పు, నీళ్ళు పోయే కాలువ, అన్నీ దస్తావేజులో ఆస్తి వివరాలుండే షెడ్యూలులో రాయించి, బంగళా కొన్న ఆయన చేత కూడా సంతకం పెట్టించు. ఆయన పెట్టనంటే అక్కడే లేచి వచ్చేయ్. గోడలు ఎంత ముద్దొచ్చినా సరే.

ఈసీ విషయం, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపే కాగితం. 1983 నుంచి జరిగినవి కంప్యూటరులో వస్తాయి. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు తీయించి చూడాల్సిందే. బ్రోకరు "ముప్పై ఏళ్ళ ఈసీ క్లీన్ సార్" అంటాడు. ఇట్లాంటి ఆస్తికి ముప్పై చాలవు. బంగళా నుంచి కొట్టం విడిపోయిన పంపకం కాగితం దొరికేదాకా వెనక్కి పో. రిజిస్ట్రేషను చెయ్యకూడని ఆస్తుల జాబితా, 22ఏ అంటారు, దాంట్లో ఉందేమో కూడా చూసుకో. పాతబస్తీలో వక్ఫు స్థలాలు, దేవాదాయం స్థలాలు పక్కపక్కనే ఉంటాయి. ఆడబిడ్డల సంతకాలు మర్చిపోవద్దు. నా స్నేహితుడొకడు ముగ్గురు అన్నదమ్ముల సంతకాలు తీసుకొని, ఆదోనిలో ఉన్న చెల్లెల్ని వదిలేసినాడు. ఎనిమిదేళ్ళు వాయిదాలకు తిరిగినాడు. ఆ చెల్లెలు అడిగింది న్యాయమే, ఆమెను తప్పు పట్టలేం.

కొండారెడ్డి బురుజు నుంచి ఎంత దూరమో కూడా కొలువు. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్తగా కట్టనివ్వరు, మరమ్మతుకూ అనుమతి కావాలి. ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా ఏం కట్టాలన్నా అనుమతే. పైన ఇంకో అంతస్తు లేపాలని నీకేమైనా ఉంటే ఆ కోరిక ముందే కొలతకు పెట్టుకో.

ఇంకోటి. "రాజధాని రోజుల్లో ఇక్కడ మంత్రిగారు ఉండేవారు" అన్నాడంట బ్రోకరు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయ్యేసరికి ఊళ్ళో చోటు చాలక డేరాలు వేసినారు, మూడేళ్ళకు అంతా హైదరాబాదు పోయింది. ఆ మూడేళ్ళలో ఈ ఊళ్ళో అమ్మకానికొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక మంత్రి కాపురం ఉన్నట్టే! ఆ కథకు రూపాయి కూడా ఎక్కువ ఇవ్వద్దు.

ఇప్పుడు గోడలు. ఇది నా పని, కాబట్టి కాస్త సాగదీస్తాను.

మూడో ఫోటోలో గోడ కింద మూడు నాలుగు అడుగుల దాకా తెల్లగా దూదిపింజలాగా పొంగి ఉంది, చూసినావా? బ్రోకరు చెమ్మ అంటాడు. వట్టి చెమ్మ కాదది. గుర్రాలు కట్టిన చోట ఏళ్ళతరబడి మూత్రం నేలలోకి ఇంకి, గోడల్లోకి ఎక్కి, ఉప్పుగా మారింది. ఒకప్పుడు ఇట్లాంటి కొట్టాల మట్టి నుంచే సురేకారం తీసేవాళ్ళు. గోడ ఆరినప్పుడల్లా ఆ ఉప్పు పైకొచ్చి, గడ్డకట్టి, పూతను తోసేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మా మామగారి పాత ఇంట్లో నేనే పూయించినాను, నాకన్నీ తెలుసనే పొగరుతో. మూడు వానాకాలాలు నిలిచింది. నాలుగో ఏడు దసరాకు పలకలు పలకలుగా ఊడి మీ అత్త పెట్టిన బొమ్మల మీద పడింది. కింద గోడ మట్టి తడితడిగా అట్లే ఉంది. సిమెంటు తడిని బయటికి పోనివ్వక లోపలే బిగించి పెట్టేసింది.

అందుకని ఆ పూతను నాలుగడుగుల ఎత్తుదాకా గీకించి, గోడను ఒక ఎండాకాలం ఊరికే వదిలేయ్. తర్వాత తడి బంకమట్టో, నానబెట్టిన కాగితపు గుజ్జో దట్టంగా పట్టించి, ఆరినాక ఊడదీస్తే ఉప్పు దాంతో కొంత వస్తుంది. అట్లా రెండు మూడుసార్లు చెయ్యాలి. మొత్తం పోదు. పోయినట్టు చెప్పేవాణ్ణి నమ్మొద్దు. ఆ పైన సున్నపు పూతే వెయ్యి. రాతిసున్నాన్ని గుంటలో నెల రోజులైనా నాననిచ్చి, గానుగలో ఇసకతో ఆడించి, మన పాతవాళ్ళ మాదిరి కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిస్తే ఇంకా మంచిది. సున్నం ఉప్పును, తడిని బయటికి పోనిస్తుంది. కొన్నేళ్ళకు తానే రాలిపోతుంది, మళ్ళీ పూసుకోవాలి. గోడ చెడకుండా పూత చెడాలి, అంతే లెక్క. ఈ పని మార్చి, ఏప్రిల్‌లో మొదలుపెట్టొద్దు, మన ఎండకు పూత బిగియకముందే పగిలిపోతుంది. కార్తీకం తర్వాత చెయ్యి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు గుళ్ళ మరమ్మతులు చేసేచోట దొరుకుతారు, నేను కనుక్కుంటాను.

నేల మీద టైల్స్ అనే మాట నా ముందు ఎత్తొద్దు. కింద పరిచిన బండలు లేపి, కడిగి, ఇసక మీద మళ్ళీ పరిపించు. విరిగినవాటికి బదులు తెచ్చుకోవడానికి బండలు దొరికే బేతంచెర్ల దగ్గరే ఉంది. నేలంతా బిగించేస్తే కిందినుంచి వచ్చే తడికి గోడ తప్ప వేరే దారి ఉండదు. బండల మీద చక్రాలు తిరిగిన గాళ్ళు కనపడితే వాటిని అరగదీయించొద్దు.

నీళ్ళ మాట. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు పాతబస్తీ మునిగింది, నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. ఆ కొట్టం ఎంతదాకా మునిగిందో పక్కింటి ముసలమ్మను అడుగు, అమ్మేవాణ్ణి అడగొద్దు. రాళ్ళ మధ్య మట్టి అడుసు పెట్టి కట్టిన గోడ రోజులతరబడి నీళ్ళలో నిలిస్తే పైకి బాగానే కనపడుతుంది, లోపల మెత్తబడి పొట్ట వస్తుంది. గోడ నిలువు చూసే గుండుదారం వేలాడదీసి చూస్తే దొరికిపోతుంది. కరెంటు బోర్డులు మనిషి నెత్తి ఎత్తుకు పైనే పెట్టించు.

మిద్దె మీదికి ఎక్కి చూసే తీరిక బ్రోకరుకు ఉండదు, మనకు ఉంటుంది. ఏటేటా వానలకు ముందు నీళ్ళు దిగకుండా చౌడు మట్టి పోసీ పోసీ, పాతది తియ్యకుండా కొత్తది పోస్తారు. నూరు చదరపు అడుగుల మీద అడుగు మందం మట్టి ఉంటే నాలుగున్నర టన్నుల బరువు! దూలం గోడలో దిగిన కొసలే ముందు పుచ్చుతాయి, మధ్యలో కొట్టి చూసి "ఠంగుమంది" అనుకుంటే మోసపోతాం. కొసల దగ్గర ఉలితో పొడిచి చూడాలి. పై మట్టి తీయించి, పుచ్చిన దూలాలు మార్చి, పలచగా మళ్ళీ వేయించు. మిద్దె తీసేసి స్లాబు వెయ్యమని నీకు నూరుమంది చెప్తారు. మే నెలలో ఆ స్లాబు కింద వాళ్ళను పడుకోమను. వెలుతురు కోసం మిద్దెలో వదిలిన గవాచి ఉంటే మూసెయ్యద్దు, దాని మీద అద్దం పెట్టించుకో.

అటక వేసి పైన పడకగది చేస్తానన్నావు. చెయ్యి, ఆ ఎత్తు అందుకే పనికొస్తుంది. కానీ ఆ బరువు గోడ మీద పెట్టకుండా దానికి వేరే ఇనుప స్తంభాలు నిలబెట్టు. స్నానాలగది లోపల వద్దు, పెరటి వైపు వేరే గోడతో కట్టు. నీకు కోపం వచ్చినా సరే.

పెద్ద తలుపు, దానిలో మనిషి దూరే చిన్న తలుపు దిడ్డి ఉన్నాయి కదా, వాటిని చూసే నేను కరిగిపోయినాను. గుమ్మానికి రెండు పక్కలా నాటిన రాళ్ళు బండి చక్రం గోడను గీకకుండా పెట్టినవి. కారు పట్టడం లేదని వాటిని పీకించేవాళ్ళున్నారు. కారు సందు బయట పెట్టుకో.

డబ్బు. రిజిస్ట్రేషనుకు స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం పక్కన పెట్టు. మట్టిగోడ చూసిన బ్యాంకువాడు స్థలానికే విలువ కడతాడు, లోను మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. నువ్వూ అట్లే స్థలం ధరకే బేరం ఆడు, కట్టడానికి వేరే పైసా ఇవ్వనని చెప్పు. మరమ్మతుకు నువ్వు వేసుకున్న లెక్కకు సగం కలుపు. ఉప్పు, దూలాల కొసలు, ఈ రెండూ విప్పేదాకా బయటపడవు.

వచ్చే ఆదివారం రా. లింకు డాక్యుమెంట్ల, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల జెరాక్సులు, మంచి టార్చిలైటు తీసుకురా. గుండుదారం, ఉలి, నిచ్చెన నేను చూసుకుంటాను. పొద్దున మీ అత్త ఉగ్గాణి, బజ్జీ చేస్తానంది, తిని పోదాం. తాళంచెవి మాత్రం శనివారమే అడిగి తీసుకో. మామ కూడా వస్తాండాడని బ్రోకరుకు చెప్పొద్దు.

నీ మామ
కర్నూలు