కోళ్ళు పొదిగే వాక్యం

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు జూన్‌లో ఫ్రెంచి మౌఖిక పరీక్షకు వెళుతున్నావని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. అప్పటి నుంచి సంతోషంతో, భయంతో నిద్ర పట్టడం లేదు.

క్రియారూపాలు రోజూ రాయి, గట్టిగా చదువు. ఇది ఎవరైనా చెబుతారు.

నా భయం వేరే. పంతొమ్మిదేళ్ళప్పుడు పుదుచ్చేరిలో ఇలాంటి పరీక్షలోనే నన్నొక వాక్యం చదవమన్నారు: ‘లె పూల్ ద్యు కువాఁ కూవ్’. కాన్వెంటు కోళ్ళు పొదుగుతున్నాయని అర్థం. చివరి రెండు మాటలకూ కాగితం మీద ఉండేవి అవే ఏడు అక్షరాలు, couvent. కాన్వెంటు అయితే ‘కు-వాఁ’ అని రెండు ముక్కలుగా పలకాలి. పొదగడమైతే చివరి మూడక్షరాలూ బహువచనానికి గుర్తుగా రాసేవే, నోటికి రావు. ‘కూవ్’ అని ఒక్క ముక్కలో అయిపోతుంది.

నేను రెండుసార్లూ ‘కువాఁ’ అన్నాను. మళ్ళీ చదవమన్నారు. ఇంకా గట్టిగా అదే చదివాను. ఎదుటి ఆవిడ పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మనది మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష, రాసిందల్లా పలికి పెరిగినవాళ్ళం. కన్ను చూసింది, నోరు అనేసింది. కోళ్ళు కర్త అయినప్పుడు తర్వాతది క్రియే కదా అని ఒక్క క్షణం ఆగలేదు. నువ్వు ఆగు తల్లీ. ముందు కర్తను పట్టుకో, ఆ తర్వాతే నోరు తెరువు.

ఇంకొకటి. ‘మాట్లాడతాం’ అనే ‘పార్లోఁ’ను నోరు ‘పార్-లోఁ’ అని విరుస్తుంది. వ్యాకరణం మాత్రం ‘పార్ల్’ దగ్గర కోసి, ‘ఓఁ’ను ప్రత్యయమంటుంది. మన ‘రాముడితడు’లో ‘డి’ని సగానికి కోయగలమా? ఇదీ అంతే. రెండు కోతలూ నేర్చుకో. ‘ఇలెమ్’ అంటే అతను ప్రేమిస్తాడు, ‘ఇల్‌జెమ్’ అంటే వాళ్ళు ప్రేమిస్తారు. మధ్యలో ఆ చిన్న ‘జ్’ ఒక్కటే తేడా. నువ్వేమో చిన్నప్పుడు పద్యం చెప్పినా తొందరలో సగం మింగేసేదానివి. ఎన్నిసార్లు కసిరానో! ఆ ‘జ్’ను మాత్రం మింగకు.

మీ తాతగారు యానాంలో ఫ్రెంచి ఏలుబడి ఉన్న రోజుల్లో, 1954కు ముందు, చదువుకున్నవారు. పరీక్ష పోయి నేను ఇంటికొస్తే ఒక్క మాట అనలేదు. అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని వేలితో చెక్క మీద తట్టారు. ‘కు-వాఁ’కు రెండుసార్లు, ‘కూవ్’కు ఒక్కసారి. చీకటి పడేదాకా అలాగే.

ఆదివారం సాయంత్రం ఫోను చెయ్యి. నువ్వు చదువు, నేను ఇక్కడ తడుతూ ఉంటాను.

మీ పెద్దమ్మ