డిగ్రీతో నేరుగా కేంద్ర పోలీసు దళాల్లో అధికారిగా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. మాది వ్యవసాయ కుటుంబం. బీసీ వర్గానికి చెందినవాళ్లం. మా మేనమామ సీఆర్‌పీఎఫ్‌లో జవానుగా చేరి ఇప్పుడు హవల్దారుగా ఉన్నారు. ఆయన్ని చూసే నాకు ఈ ఉద్యోగం మీద ఇష్టం కలిగింది. దేశస్థాయి పోలీసు దళంలో డిగ్రీ అర్హతతో అధికారిగా చేరడానికి ఐపీఎస్ ఒక్కటే దారా? వేరే దారి ఉంటే ఎలా దరఖాస్తు చేసుకోవాలి? అమ్మాయిలకు నిబంధనలు ఎలా ఉంటాయి?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఐపీఎస్ ఒక్కటే దారి కాదు. మన రాజ్యాంగం పోలీసు వ్యవస్థను రాష్ట్రాల జాబితాలో ఉంచింది కాబట్టి, కొన్ని దేశాల్లో ఉన్నట్టుగా దేశమంతటికీ ఒకే పోలీసు శాఖ మనకు లేదు. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ అనే అయిదు సాయుధ పోలీసు దళాల్లో అసిస్టెంట్ కమాండెంట్‌గా చేరడానికి యూపీఎస్సీ ఏటా విడిగా ‘సీఏపీఎఫ్ (అసిస్టెంట్ కమాండెంట్స్)’ అనే పరీక్ష నిర్వహిస్తుంది. మీరు అడిగిన దారి ఇదే. ఇది గ్రూప్-ఎ ఉద్యోగం, ప్రారంభ మూలవేతనం 56,100 రూపాయలు. మీ మేనమామగారు పనిచేసే కంపెనీకి, అంటే దళంలోని ఆ విభాగానికి, నాయకత్వం వహించే అధికారి సాధారణంగా ఈ హోదాలోని వారే. ఆ బాధ్యత ఎలాంటిదో ఏ పుస్తకంకంటే ఆయనే మీకు బాగా చెప్పగలరు.

ఏ విభాగంలోనైనా డిగ్రీ చాలు. చివరి సంవత్సరం విద్యార్థులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, ఉత్తీర్ణత పత్రాన్ని తరువాతి దశలో చూపించాలి. పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి 20 ఏళ్లు నిండి, 25 ఏళ్లు నిండకుండా ఉండాలి. ఓబీసీ అభ్యర్థులకు 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్లు సడలింపు ఉంది. మహిళలకు దరఖాస్తు రుసుము లేదు. హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి మూడూ పరీక్షా కేంద్రాల జాబితాలో ఉంటూ వచ్చాయి. అయితే ముందు దరఖాస్తు చేసినవారికే ముందు కేటాయిస్తారు కనుక, చివరి రోజు వరకు ఆగితే విశాఖ నిండిపోయి ఎక్కడో దూరం వెళ్లవలసి రావచ్చు.

ఇక మీ విషయంలో అన్నింటికంటే ముందు సరిచూసుకోవలసినది ధ్రువపత్రం. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బీసీ-ఎ, బీసీ-బి, బీసీ-డి వంటి వర్గీకరణ పత్రం ఇక్కడ పనికిరాదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందుగా చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. ఉన్నట్లయితే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం నిర్దేశించిన నమూనాలో, క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న శ్రేణి) పరిధిలోకి రారని తెలిపే పత్రాన్ని తహసీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి. తల్లిదండ్రుల వార్షికాదాయ పరిమితి 8 లక్షల రూపాయలు, కానీ వ్యవసాయంపై వచ్చే ఆదాయాన్ని, జీతాన్ని అందులో కలపరు. సాగుభూమి విస్తీర్ణానికి వేరే పరిమితి ఉంది. నోటిఫికేషన్ వచ్చాక కార్యాలయం చుట్టూ తిరగడం మొదలుపెడితే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఈ పని ఇప్పుడే పూర్తిచేసుకోండి. పేరు సంగతి కూడా చూసుకోవాలి. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా మాత్రమే ఉండడం మన వైపు చాలామందికి ఉన్న చిక్కే. పుట్టిన తేదీకి యూపీఎస్సీ పదో తరగతి పత్రాన్నే ప్రమాణంగా తీసుకుంటుంది కాబట్టి, మిగిలినవాటిని దానికి అనుగుణంగా సరిచేయించుకోవడం మేలు.

రాతపరీక్ష ఒకే రోజు రెండు పేపర్లుగా జరుగుతుంది. ఉదయం పేపర్ 250 మార్కులకు, ప్రశ్నలన్నీ సరైన జవాబు గుర్తించే తరహావి. తప్పు జవాబుకు ఆ ప్రశ్నకు కేటాయించిన మార్కుల్లో మూడో వంతు కోత పడుతుంది. గ్రూప్స్‌కు చదివే మన విద్యార్థులకు చరిత్ర, భూగోళం, రాజ్యాంగం, సామాన్య శాస్త్రం వంటి ఈ అంశాలు కొత్తవి కావు. నాకు ఆందోళన కలిగించేది మధ్యాహ్నం పేపర్. 200 మార్కుల ఆ పేపర్‌లో 80 మార్కుల వ్యాసాలను ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి. మిగిలిన 120 మార్కులకు సంక్షిప్తీకరణ, ఇచ్చిన భాగాన్ని చదివి జవాబులు రాయడం, ఒక వాదనకు అనుకూల, ప్రతికూల అంశాలు రాయడం వంటివి ఇంగ్లీషులోనే ఉంటాయి. కానిస్టేబుల్ నియామక పరీక్షను 2024 జనవరి నుంచి తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో నిర్వహించాలని కేంద్రం నిర్ణయించింది గానీ, అధికారుల పరీక్షకు ఆ వెసులుబాటు రాలేదు. తెలుగు మాధ్యమంలో చదివిన తెలివైన పిల్లలు పేపర్-1లో మంచి మార్కులు తెచ్చుకొని కూడా ఇక్కడ వెనకబడిపోవడం బాధాకరం. వ్యాకరణ పుస్తకాలు కంఠస్థం చేయడం దీనికి పరిష్కారం కాదు. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయాన్ని మూడో వంతుకు కుదించి, చేత్తో కాగితం మీద రాయండి. దాన్ని మీ కళాశాలలోని ఇంగ్లీషు అధ్యాపకులకు వారానికొకసారి చూపించి దిద్దించుకోండి. ఏడాది పాటు ఈ పని విడవకుండా చేస్తే, ఖరీదైన కోచింగ్ చేయలేనిది ఇది చేస్తుందని నా నమ్మకం.

రాతపరీక్షలో అర్హత సాధించినవారికి శారీరక పరీక్షలు ఉంటాయి. ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం మహిళలకు కనీస ఎత్తు 157 సెంటీమీటర్లు. 100 మీటర్లు 18 సెకన్లలో, 800 మీటర్లు 4 నిమిషాల 45 సెకన్లలో పరుగెత్తాలి; మూడు అవకాశాల్లో 3 మీటర్ల దూరం దూకాలి; షాట్‌పుట్ మహిళలకు లేదు. ఈ పరీక్షలకు మార్కులు ఉండవు, అర్హత మాత్రమే చూస్తారు. కానీ ఒక్క అంశంలో తప్పినా ఆ ఏడాదికి అంతే. దీనిపై అప్పీలు కూడా ఉండదు. రాత ఫలితాలు వచ్చాక మైదానానికి వెళ్దామనుకోవడం చాలా పెద్ద పొరపాటు. 800 మీటర్ల దమ్ము కొద్ది వారాల్లో రాదు. దూకడం విషయమైతే మరీను: ఇసుక గుంటలో, గీత తొక్కకుండా అడుగులు లెక్కపెట్టుకుంటూ సాధన చేయని అమ్మాయి, ఎంత చురుకైనదైనా, మూడు అవకాశాల్నీ గీత తొక్కి పోగొట్టుకోవచ్చు. మీ కళాశాల వ్యాయామ అధ్యాపకుల సాయం తీసుకోండి. ఎన్‌సీసీ ‘బి’ లేదా ‘సి’ సర్టిఫికెట్ ఉంటే 150 మార్కుల ఇంటర్వ్యూ సమయంలో దాన్ని పరిగణనలోకి తీసుకుంటారు. మీరు ఇప్పటికే క్యాడెట్ అయితే ఆ పరీక్షను వదులుకోవద్దు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఈ పరీక్షకు సిద్ధమవుతున్నాను. దళాల ప్రాధాన్యక్రమంలో సీఐఎస్‌ఎఫ్‌నే మొదట పెట్టమని, ఒకవేళ వేరే దళం వస్తే చేరి, మరుసటి ఏడాది మళ్లీ రాయవచ్చని మిత్రులు చెబుతున్నారు. ఇది సరైన సలహాయేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆ సలహాలో రెండో సగం పూర్తిగా తప్పు. ఈ పరీక్ష ద్వారా ఏదో ఒక దళంలో అసిస్టెంట్ కమాండెంట్‌గా ఎంపికైనవారు మళ్లీ ఇదే పరీక్షకు పోటీపడడానికి అర్హులు కారు. అందువల్ల ప్రాధాన్యక్రమాన్ని మీరు ఒక్కసారే, బాగా ఆలోచించి ఇవ్వాలి.

మొదటి సగం గురించి చెప్పాలంటే, సీఐఎస్‌ఎఫ్‌ను చాలామంది కోరుకోవడానికి కారణం ఉంది. శంషాబాద్ విమానాశ్రయం, విశాఖ ఉక్కు కర్మాగారం, శ్రీహరికోట వంటి చోట్ల భద్రత చూసేది ఆ దళమే. అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ పారిశ్రామిక భద్రతా అకాడమీ కూడా హైదరాబాద్‌లోని హకీంపేటలోనే ఉంది. అయితే సొంత ప్రాంతంలోనే పోస్టింగు వస్తుందన్న హామీ ఏ దళంలోనూ లేదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లడానికి సిద్ధపడినవారే దరఖాస్తు చేయాలి. సీఆర్‌పీఎఫ్ అధికారి బస్తర్ అడవుల్లోనో, కశ్మీర్‌లోనో ఉండవచ్చు, ఎన్నికల వేళ మరో రాష్ట్రానికి కదలవచ్చు. బీఎస్‌ఎఫ్ పాకిస్థాన్, బంగ్లాదేశ్ సరిహద్దుల్లో, ఎస్‌ఎస్‌బీ నేపాల్, భూటాన్ సరిహద్దుల్లో ఉంటాయి. ఐటీబీపీ చైనా సరిహద్దులో, మంచు కొండల మీద కాపలా కాస్తుంది.

ఖాళీల సంఖ్యను చూసి క్రమం నిర్ణయించుకోవాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. 2024 నోటిఫికేషన్‌లో మొత్తం 506 పోస్టులు ప్రకటించగా వాటిలో బీఎస్‌ఎఫ్‌కు 186, సీఆర్‌పీఎఫ్‌కు 120 ఉన్నాయి; 2025లో మొత్తం 357కు తగ్గి, బీఎస్‌ఎఫ్‌కు 24 మాత్రమే మిగలగా, సీఆర్‌పీఎఫ్‌కు 204 వచ్చాయి. ఒక ఏడాది లెక్క మరుసటి ఏడాదికి నిలవదు. మీ ఆరోగ్యం, ఇంటి పరిస్థితి, ఎన్నాళ్లు కుటుంబానికి దూరంగా ఉండగలరు అన్నవే ఆధారంగా పెట్టుకోండి. పెళ్లి మాటలు నడుస్తుంటే అవతలివారికి కూడా ఈ ఉద్యోగ స్వభావాన్ని ముందే చెప్పడం న్యాయం.

ప్రశ్న: మా అబ్బాయికి కళ్లజోడు ఉంది. అతడు ఈ పరీక్షకు కోచింగ్‌లో చేరతానంటున్నాడు. కళ్లజోడు ఉన్నవారిని తీసుకుంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కళ్లజోడు ఉన్నంత మాత్రాన అనర్హత కాదు. దూరపు చూపు మెరుగైన కంటికి 6/6 లేదా 6/9, రెండో కంటికి 6/12 లేదా 6/9 ఉండాలని, రంగులను స్పష్టంగా గుర్తించగలగాలని వైద్య ప్రమాణాలు చెబుతున్నాయి. అద్దాల శక్తికి కూడా పరిమితి ఉంది. మెల్లకన్ను, చదును పాదం, మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, కాళ్లలో ఉబ్బిన సిరలు వంటివి అనర్హతకు దారితీస్తాయి. కోచింగ్ ఫీజు కట్టకముందే నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాల పేజీలను అచ్చు తీసుకొని, ఒక కంటి వైద్యుని దగ్గరకు, ఒక ఎముకల వైద్యుని దగ్గరకు వెళ్లి, వాటితో సరిపోల్చి పరీక్షించమని అడగండి. వైద్య పరీక్షలో అనర్హులని తేలినవారికి అప్పీలు అవకాశం ఉంటుంది, దానికి తక్కువ గడువు ఇస్తారు కనుక పాత వైద్య నివేదికలన్నీ ఒక ఫైల్లో భద్రపరచండి.