లోపలికి వెళ్ళింది బయటికి వస్తుందా?

"పుస్తకాలూ ఫొటోలూ పాటలూ సర్దుకోవడానికి డబ్బు కట్టక్కర్లేని మంచి ప్రోగ్రామ్ ఏది? ఒక్క ముక్కలో చెప్పండి" అని ఈసారి చాలామంది రాశారు. ఒక్క ముక్కలో తేలేదైతే ఈ పేజీ నాకెందుకు ఇస్తారు? నేను కంప్యూటర్ చదువు చదివినదాన్ని కాదు. లైబ్రరీలో కేటలాగ్ కార్డులు రాయడంతో నా ఉద్యోగం మొదలైంది. మూడంగుళాల ఎత్తు, అయిదంగుళాల వెడల్పు కార్డు, అడుగున చిల్లు. ఎవరూ కార్డు పీక్కుపోకుండా ఆ చిల్లులోంచి సొరుగు పొడుగునా ఒక కడ్డీ. తర్వాత అదే పని కంప్యూటర్ మీద చేశాను. అక్కడ కడ్డీ ఉండదు కదా, చేతులు కాలాయి. ఆ కథ మధ్యలో వస్తుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, నా దగ్గర పన్నెండు వందల పుస్తకాలు, కంప్యూటర్‌లో నాలుగు వందల పీడీఎఫ్‌లు ఉన్నాయి. ఏది ఉందో గుర్తులేక కొన్నదే మళ్ళీ కొంటున్నాను. ఎక్సెల్‌లో మొదలుపెట్టి సగంలో వదిలేశాను. స్నేహితుడు కాలిబర్ అంటాడు, మేనకోడలు జొటేరో అంటుంది, మా అబ్బాయి ఏకంగా కోహా వేసుకోమంటున్నాడు. ఏది మంచిది? (ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు)

జవాబు: మాస్టారూ, ముందు మీ అబ్బాయి సంగతి చూద్దాం. కోహా నిజంగా గొప్ప సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లో ఒక లైబ్రరీ కోసం తయారై 2000 జనవరిలో పనిలోకి దిగింది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. కానీ అది సభ్యత్వాలూ, పుస్తకాల జారీ, జరిమానాలూ అన్నీ చూసుకునేది. లైనక్స్ సర్వర్ మీద నడపాలి. పుస్తకం పట్టుకెళ్ళి తిరిగివ్వని తోడల్లుడికి జరిమానా వేసే ధైర్యం మీకుంటే సరే. లేకపోతే ఆ మాట వదిలేయండి.

ఇక మిగిలిన రెండూ. ఏది మంచిదని కాకుండా, మీరు రేపు ఏం వెతుకుతారు అని అడిగితే తేలిగ్గా తేలుతుంది. "ఇది నా దగ్గర ఉందా?", "ఉంటే ఏ అరలో ఉంది?" మీకు కావలసినవి ఈ రెండే. ఎక్సెల్ ఎందుకు వదిలేశారో కూడా నేను ఊహించగలను. పేజీలెన్ని, కొన్న తేదీ, వెల, ముద్రణ, అట్ట రంగు అంటూ పద్దెనిమిది గడులు గీసి ఉంటారు. యాభయ్యో పుస్తకం దగ్గర ఎవరికైనా విసుగొస్తుంది. పేరు, రచయిత, ప్రచురణ సంస్థ, సంవత్సరం, ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చు వేసే గుర్తింపు సంఖ్య), అర. ఆరు చాలు. చాలామంది మరిచిపోయేది ఆరోదే, అన్నిటికన్నా పనికొచ్చేదీ అదే.

కాలిబర్ 2006లో వేరే పేరుతో మొదలై 2008లో ఈ పేరు పెట్టుకుంది. ఈ-పుస్తకాలు దాని అసలు రంగం. మీ పీడీఎఫ్‌లను అందులో చేర్చగానే వాటికి నకలు తీసి, రచయిత పేరున ఒక ఫోల్డర్, దాంట్లో పుస్తకం పేరున మరొకటి చేసి పెట్టుకుంటుంది. అసలు ఫైలు మొదట ఉన్నచోటే ఉంటుంది. ఇది తెలియక "అన్నీ రెండేసి అయ్యాయి" అని కంగారుపడతారు. నకళ్ళున్న ఆ ఫోల్డర్‌లో మాత్రం మీరు చేయి పెట్టకండి, ఏ మార్పైనా ప్రోగ్రామ్ లోపల్నుంచే చేయాలి. కాగితం పుస్తకాన్ని కూడా ఫైలు లేకుండా ఖాళీ పద్దుగా ఎక్కించుకోవచ్చు. "అర" అని సొంత గడి కలుపుకోవచ్చు. ఐఎస్‌బీఎన్‌ల పట్టీ ఇస్తే వివరాలు తనే వెతికి తెస్తుంది.

కాకపోతే ఐఎస్‌బీఎన్ పద్ధతి అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిందే 1970లో. అంతకు ముందరి పుస్తకాలకు ఉండదు, చేత్తో కొట్టుకోవాల్సిందే. 2006 చివరిదాకా వచ్చినవాటికి పది అంకెలే, ఆ తర్వాత పదమూడు. మీ పాత పుస్తకం మీద పదే ఉంటే అచ్చుతప్పేమో అని అనుమానపడకండి.

జొటేరో కూడా 2006లోనే, ఒక అమెరికా విశ్వవిద్యాలయంలో పుట్టింది. పరిశోధన చేసేవాళ్ళ కోసం చేశారు. వ్యాసాల పీడీఎఫ్ పడేస్తే చాలాసార్లు రచయిత, పత్రిక, సంవత్సరం తనే పట్టుకుంటుంది. ఒకే వ్యాసాన్ని నకలు లేకుండా మూడు నాలుగు విభాగాల్లో చూపించవచ్చు. కార్డుల కాలంలో దీనికోసం నేను ఒక్కో పుస్తకానికి నాలుగైదు కార్డులు రాసేదాన్ని! జాబితాను ఎన్ని కంప్యూటర్లలోనైనా ఉచితంగా సమన్వయం చేస్తుంది. పీడీఎఫ్‌లను కూడా ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ఉచితంగా ఇచ్చేది 300 మెగాబైట్లే. మీ మేనకోడలు థీసిస్ రాస్తోందేమో, ఆమెకు అదే సరైనది. మీకు మాత్రం కాలిబర్.

రెండింటిలోనూ మన పేర్లతో ఒక తంటా ఉంది. రచయిత పేరులో చివరి మాటే ఇంటిపేరనుకుని కాలిబర్ దాన్ని ముందుకు లాగి వరస పెడుతుంది. తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి వరస తలకిందులవుతుంది. ప్రిఫరెన్సెస్‌లో ట్వీక్స్ అని ఉంటుంది. అక్కడ రచయితల వరసకు సంబంధించిన పద్ధతిని "కాపీ" అని మార్చితే మీరు రాసినట్టే ఉంచుతుంది. పుస్తకాలు ఎక్కించక ముందే ఈ పని చేయండి. జొటేరోలో అయితే పేరుకు రెండు గడులుంటాయి, పక్కనున్న చిన్న గుర్తు నొక్కి ఒకే గడిగా చేసుకోవచ్చు.

ఇప్పుడు నా కథ. ఏళ్ళ క్రితం ఒక దాత ఇచ్చిన రెండు వేల చిల్లర పుస్తకాలు నాకు అప్పజెప్పారు. ఉచితంగా దొరికిన ఒక ప్రోగ్రామ్‌లో ఎక్కించాను. చూడముచ్చటగా ఉండేది, తెర మీద చెక్క బీరువా, అందులో పుస్తకాలు నిలబెట్టినట్టు బొమ్మలు. ఆఫీసులో కంప్యూటర్ మార్చారు. కొత్తదాంట్లో అది తెరుచుకోలేదు. పాతదాంట్లోంచి జాబితా బయటికి తీద్దామంటే ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కబడదు, డబ్బు కట్టినవాళ్ళకే అట. కడదామంటే ఆ కంపెనీ అప్పటికి లేదు. అదృష్టం, ఒకసారి కాగితం మీద ప్రింట్ తీసి ఉంచాను. దాన్ని చూసి మళ్ళీ టైపు చేయడానికి రెండున్నర నెలలు పట్టింది.

అందుకే ఏ ప్రోగ్రామ్‌కైనా నేను పెట్టేది ఇరవై పుస్తకాల పరీక్ష. బుద్ధిగా ఉన్నవి కాదు, పేచీ పెట్టేవి ఏరండి. ఇద్దరు రచయితలున్నది, అనువాదం, మూడు సంపుటాల సెట్టు, ఐఎస్‌బీఎన్ లేనిది, కలంపేరుతో రాసింది, అట్ట చిరిగి సంవత్సరం తెలియనిది. అవి ఎక్కించి, వెంటనే సీఎస్‌వీ ఫైలుగా (గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు అక్షరాల ఫైలు) బయటికి తీసి, ఎక్సెల్ లాంటిదే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెరవండి. అనువాదకుడి పేరు వచ్చిందా? రెండో రచయిత మాయమయ్యాడా? "అర" గడి వచ్చిందా? రాకపోతే మిగతా 1,180 పుస్తకాలు ఎక్కించక ముందే తెలిసిపోయింది కదా, పోయింది ఒక సాయంత్రమే. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకోండి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది. నాకు ఒకసారి ఆరు వందల వరసల ప్రశ్నార్థకాలు వచ్చాయి.

ప్రశ్న: అక్కా, పద్దెనిమిది వేల ఫొటోలకు నాలుగు నెలలు కూర్చుని ఎవరెవరో పేర్లు పెట్టాను. కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఫొటోలన్నీ కాపీ చేస్తే ఒక్క పేరూ లేదు. ఏడుపొక్కటే తక్కువ. ఈసారి ఏ ప్రోగ్రామ్ వాడను?

జవాబు: పాత ల్యాప్‌టాప్ ఇంకా ఉందా చెల్లీ? ఉంటే దాన్ని ఫార్మాట్ చేయించకు, ఎవరికీ ఇవ్వకు. నీ పేర్లు బహుశా అందులో భద్రంగానే ఉన్నాయి.

జరిగింది ఇది. ఫొటో వెనక పెన్సిల్‌తో పేరు రాయడం ఒకటి, విడిగా డైరీలో "ఫలానా ఫొటోలో ఫలానావాళ్ళు" అని రాసుకోవడం ఒకటి. నీ ప్రోగ్రామ్ డైరీలో రాసింది. నువ్వు ఫొటోలు తెచ్చావు, డైరీ అక్కడే వదిలేశావు. పాత ల్యాప్‌టాప్‌లో ఆ ప్రోగ్రామ్ తెరిచి, పేర్లను ఫైలులోకి రాసే ఏర్పాటు ఏమైనా ఉందేమో సెట్టింగ్స్‌లో వెతుకు. మెటాడేటా, ఎక్స్ఎంపీ, ఐపీటీసీ అనే మాటలు కనబడితే అదే చోటు. ఉంటే అక్కడే అన్నీ రాయించి, ఆ ఫొటోలను మళ్ళీ కాపీ చేసుకో.

కొత్తగా మొదలుపెట్టాలంటే నా సలహా డిజీక్యామ్. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది, పూర్తిగా ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు. మొహాలు గుర్తుపట్టే పని నీ కంప్యూటర్‌లోనే చేస్తుంది, ఫొటోలు ఎక్కడికీ పంపదు. అందంగా ఉంటుందా అంటే ఉండదు. మొదటి రోజు మెనూలు చూసి బెదిరిపోతావు. సెట్టింగ్స్‌లో మెటాడేటా పేజీ తెరిచి ట్యాగులు, మొహాల పేర్లు, తేదీలు ఫైలులోకి రాయాలన్న చోట టిక్కులు ఉన్నాయో లేదో చూడు. "రా" (RAW) ఫైళ్ళుంటే, అంటే కెమెరా తీసింది తీసినట్టే దాచేవి, పక్కనే ఎక్స్ఎంపీ అనే చిన్న ఫైలు చేసేలా పెట్టుకో. ఫొటోని ఎక్కడికి తీసుకెళ్ళినా ఆ పిల్ల ఫైలునీ చంకనెత్తుకుని వెళ్ళాలి.

తర్వాత అయిదంటే అయిదే ఫొటోలకు పేర్లు పెట్టు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకో కంప్యూటర్‌లో వేరే ప్రోగ్రామ్‌తో తెరువు. ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ సరిపోతుంది, ఇంటి వాడకానికి ఉచితం. పేర్లు అక్కడ కనబడితే మిగతావి మొదలుపెట్టు. అంతకన్నా ముందు మొత్తం ఫొటోలకు వేరే హార్డ్‌డిస్క్‌లో నకలు ఉండాలి. పద్దెనిమిది వేల ఫైళ్ళలో రాతలు రాయమని ఒక ప్రోగ్రామ్‌కి అప్పగిస్తున్నావు, నకలు లేకుండా నేనైతే ఆ బటన్ ముట్టుకోను.

స్కాన్ చేసిన పాత ఫొటోల గురించి ఇంకో మాట. వాటిలో ఉండేది స్కాన్ చేసిన రోజు తేదీ. దిద్దకపోతే మీ నాన్నగారి పెళ్ళి ఫొటో, నిన్న తీసిన సెల్ఫీ పక్కపక్కన వస్తాయి! ఫైలు పేరు మొదట్లో 1987-05-14 అని, అంటే ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు పెట్టు. అప్పుడు అక్షరక్రమమే కాలక్రమం అవుతుంది. నెల తెలియకపోతే 1987 అని ఆపేయి. తెలియని తేదీకి జనవరి 1 అని రాసే అలవాటు చాలామందికి ఉంది. పదేళ్ళ తర్వాత అది నిజమనుకుంటారు.

ప్రశ్న: నా దగ్గర ఏడు హార్డ్‌డిస్క్‌లున్నాయి. ఏ ఫైలు ఎందులో ఉందో తెలియక ఒక్కోటీ తగిలించి చూస్తున్నాను.

జవాబు: వర్చువల్ వాల్యూమ్స్ వ్యూ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది. ఒక్కో డిస్క్‌నీ ఒకసారి చదివించండి. తర్వాత డిస్క్ తగిలించకుండానే వెతుక్కోవచ్చు. డిస్క్‌ల మీద 1 నుంచి 7 దాకా అంకెలు రాసి అంటించడం మాత్రం మీరే చేయాలి. విండోస్‌లో తగిలించి ఉన్న డిస్క్‌లలో ఫైలు పేరుతో వెతకాలంటే "ఎవ్రీథింగ్" అనే ప్రోగ్రామ్ ఉంది. అక్షరం కొట్టేలోపు జవాబు వచ్చేస్తుంది.

ప్రశ్న: పాత నాణేల జాబితాకు కాలిబర్ పనికొస్తుందా?

జవాబు: పనికిరాదు. ఓపెన్‌న్యూమిస్‌మ్యాట్ నాణేల కోసమే చేసింది, ఉచితం. లైనక్స్ వాడుతుంటే టెల్లికో చూడండి, అందులో నాణేలు, స్టాంపులు, ఏ వస్తువుకైనా గడులు మీకు కావలసినట్టు పెట్టుకోవచ్చు.

ప్రశ్న: ఉచితంగా ఇస్తున్నారంటేనే నాకు అనుమానం. వాళ్ళకేంటి లాభం?

జవాబు: అనుమానం మంచిదే. ఉచితంలో రకాలున్నాయి. కాలిబర్, జొటేరో, డిజీక్యామ్, లిబ్రేఆఫీస్ లాంటివి ఓపెన్ సోర్స్. తయారుచేసినవాళ్ళు రేపు మానేసినా, కోడ్ అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి ఇంకొకరు అందుకోవచ్చు. లిబ్రేఆఫీస్ 2010లో పుట్టింది అలాగే, ఓపెన్‌ఆఫీస్‌లోంచి విడిపోయి. రెండో రకం, కోడ్ ఇవ్వరు కానీ వాడుకోనిస్తారు. మూడోది, యాభై పద్దుల దాకా ఉచితమని చెప్పి యాభై ఒకటోదానికి చెయ్యి చాపేది. నేను మూడోదాని జోలికి పోను. ఏదైనా ఆ ప్రోగ్రామ్ సొంత సైటు నుంచే దించుకోండి. వేరే సైట్లలో "డౌన్‌లోడ్" అని పెద్ద పచ్చ బటన్ ఉంటుంది చూడండి, చాలాసార్లు అది ప్రకటన.

ప్రశ్న: పాటల వివరాలు తనే నింపేదేదైనా ఉందా?

జవాబు: మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్. పాట ధ్వనిని బట్టి ఏదో పోల్చుకుంటుంది. అందరి పాటలూ దానికి తెలియవు, తెలియనివాటికి మీరే రాయాలి. అప్పుడొస్తుంది అసలు చిక్కు. సినిమా పాటకు "ఆర్టిస్ట్" ఎవరు? పాడినవారా, బాణీ కట్టినవారా? సంగీత దర్శకుడికి "కంపోజర్" అనే గడి విడిగా ఉంది, అక్కడే రాయండి. సగం పాటలకు ఒకలా, సగానికి ఒకలా రాశారో, ఏ ప్రోగ్రామూ మిమ్మల్ని కాపాడలేదు.

ప్రశ్న: మేడమ్, ట్యాగులు పెట్టుకోమని మీరే ఒకసారి రాశారు. పెట్టాను. ఇప్పుడు కాలిబర్‌లో 340 ట్యాగులున్నాయి. "కథ", "కథలు", "కథాసంకలనం", "స్టోరీస్" అన్నీ ఉన్నాయి. ఏదీ దొరకడం లేదు. తప్పు మీదే.

జవాబు: సగం నాదే, ఒప్పుకుంటున్నాను. మాట చెప్పాను గానీ, మాటల పట్టీ ముందు రాసుకోమని చెప్పలేదు. లైబ్రరీలో మాకు ఏ విషయానికి ఏ మాట వాడాలో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. నాకు తోచిన మాట రాస్తే మా పెద్ద మేడమ్ కార్డు చింపి చేతిలో పెట్టేవారు.

కాలిబర్‌లో ట్యాగులన్నిటినీ ఒకచోట చూపించే కిటికీ ఉంది. అక్కడ "కథలు" పేరును "కథ" అని మార్చితే రెండూ కలిసిపోతాయి, ఒక్కో పుస్తకం తెరవక్కర్లేదు. ముందు లైబ్రరీ ఫోల్డర్ మొత్తానికి నకలు తీసుకోండి. ఒకటో రెండో పుస్తకాలకే ఉన్న ట్యాగులు ముందు తీసేయండి, 340లో ఎక్కువ అవే అయి ఉంటాయి. మిగిలినవాటిని ముప్పై, నలభైకి దించి, ఆ పట్టీని కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన గోడకు అంటించండి. కొత్త మాట కావాలనిపిస్తే ముందు గోడ వైపు చూడండి. "స్టోరీస్" మాత్రం ఇవాళే తీసేయండి, అది ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు.