లాక్ నట్ల కీ పోతే చక్రం ఊడదీయడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు, అలాయ్ వీల్స్‌కి ఒక్కో దానికి ఒక్కో లాక్ నట్టు (దొంగలు విప్పకుండా వేసేది, దాని కీతోనే ఊడుతుంది) ఉంది, ఆ కీ పాత ఓనరు ఇవ్వలేదు, ఇప్పుడు టైర్లు మార్చాలి. సుత్తి పట్టుకునే ముందు ఒక పూట వెతకండి. దీన్ని కీ అంటారు గానీ తాళంచెవిలా ఉండదు. బొటనవేలంత ఇనప ముక్క, ఒక వైపు నట్టు మీది గాడికి సరిపోయే అచ్చు, ఇంకో వైపు వీల్ స్పానర్ పట్టే ఆరు పలకల తల. అందుకే కళ్ల ముందే ఉన్నా చాలామంది గుర్తుపట్టరు. స్టెప్నీ కింద, జాకీ సంచిలో, డ్యాష్‌బోర్డు అరలో, సీట్ల కింద చూడండి. నట్లు కంపెనీవే అయితే మాన్యువల్ పౌచ్‌లో కోడ్ నంబరున్న కార్డు ఉండొచ్చు. ఆ నంబరుతో కొత్త కీ తెప్పించుకోవచ్చు. పాత ఓనరుకి ఫోన్ చేసి, ఆఖరిసారి టైర్ల పని ఎక్కడ చేయించారో కూడా అడగండి. ఈ కీలు ఎక్కువగా పోయేది అక్కడే, నట్లు విప్పే ఎయిర్ గన్‌కి తగిలించి అలాగే మర్చిపోతారు.

నాదీ అలాగే పోయింది. టైర్ల రొటేషన్‌కి ఇచ్చి తెచ్చుకున్నాను, సంచి విప్పి చూసుకోలేదు. నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున బోడుప్పల్‌లో మా సెల్లార్‌కి దిగితే ముందు టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. ముందు రాత్రి గుంతలో పడ్డప్పుడు పక్క గోడ చీలిందన్నమాట. మేకు దిగిన పంక్చరైతే చక్రం విప్పకుండానే ట్యూబ్‌లెస్ టైరుకి రబ్బరు పుల్ల ఎక్కించేవాళ్లు. పక్క గోడకి ఆ వైద్యం పనికిరాదు. వరంగల్‌లో పెళ్లి, పదింటికి ముహూర్తం. సంచిలో జాకీ ఉంది, స్పానర్ ఉంది, కీ లేదు. పట్టుచీర కట్టుకున్న మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే భయమేసింది. ఉప్పల్‌లో ఆర్టీసీ బస్సెక్కాం.

సోమవారం ఆ టైర్ల షాపుకి ఫోన్ చేస్తే తమ దగ్గర లేదన్నారు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే డ్రిల్ చేయాలి, హబ్ పాడైతే మా బాధ్యత కాదు అన్నారు. చివరికి మా సందు మొదట్లో పంక్చర్ షాపు భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట అడిగింది ఆర్సీ! ఫోన్‌లో ఆర్టీఏ ఎం-వాలెట్ యాప్‌లో చూపించాక "టెన్షన్ నక్కో సార్" అని సామాను తీసుకుని వచ్చాడు. ఆర్సీ అడక్కుండా లాక్ నట్టు విప్పుతానన్నవాణ్ని నేనైతే నమ్మను, ఈయన మీద మాత్రం ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది.

ఆయన చేసింది వరసగా చెప్తాను. బండిని జాకీ మీద ఎత్తలేదు. గేర్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రానికి ఇటుక అడ్డం పెట్టాడు. లాక్ నట్టు పక్కనున్న మామూలు నట్లను ఇంకాస్త బిగించాడు, దాంతో లాక్ నట్టు మీద బిగువు కొంచెం తగ్గుతుంది. తర్వాత పన్నెండు మూలల పాత సాకెట్లు (వాళ్ల భాషలో గోటీలు) ఒక్కొక్కటే పెట్టి చూసి, నట్టు మీదికి వెంట్రుకవాసిలో ఎక్కనిది ఎంచుకున్నాడు. దాన్ని సుత్తితో తిన్నగా, చిన్న దెబ్బలతో దిగ్గొట్టాడు. పిచ్చిగా బాదితే బేరింగుకి దెబ్బ. పొడుగు రాడ్డు తగిలించి మెల్లగా తిప్పితే టక్‌మని వదిలింది. ఎయిర్ గన్ ముట్టుకోలేదు, ఆ కుదుపుకి సాకెట్ జారుతుందట. నట్టు సాకెట్‌లోనే ఇరుక్కుంటుంది, వెనక బొక్కలోంచి రాడ్డు పెట్టి కొడితే ఊడుతుంది. మీరే చేస్తే కళ్లద్దాలు తప్పనిసరి, సాకెట్ పెచ్చు ఎగిరి కంట్లో పడగలదు.

మూడు అలా వచ్చాయి. నాలుగోది అరిగిపోయి జారుతూనే ఉంది. రాణీగంజ్‌లో టూల్స్ షాపుకెళ్లి, లోపల ఎదురు మరలున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ తెచ్చాను. విప్పే వైపు తిప్పేకొద్దీ అది నట్టుని ఇంకా గట్టిగా కొరుకుతుంది. రెండు నిమిషాల పని. ముందే తెచ్చుకుంటే సెల్లార్లో అంత సుత్తి మోత ఉండేది కాదు.

కొన్ని నట్లకి పైన గుండ్రని రింగు ఊరికే తిరుగుతుంటుంది, దొంగల కోసమే పెట్టింది. దాని మీద ఈ సుత్తి పద్ధతి పనిచేయదు, ముందు ఆ రింగుని ఉలితో పగలగొట్టాలి. ఇంకో నట్టు వెల్డింగ్ చేసి తిప్పేవాళ్లూ ఉన్నారు. అది ఆఖరి దారి, అదీ టైర్లో గాలి పూర్తిగా తీసేసి, బ్యాటరీ విప్పేశాకే. గాలి ఉన్న టైరు దగ్గర ఆ వేడి తగిలితే పేలిపోవచ్చు. అలాయ్ చక్రం పెయింటు ఎలాగూ పోతుంది.

తర్వాత నేను మామూలు నట్లే వేయించాను. కొనేటప్పుడు పాత నట్టు ఒకటి తీసుకెళ్లండి. మారుతి వాటికి సాధారణంగా 12x1.25 మర, హ్యుందాయ్‌కి 12x1.5. చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, బలవంతంగా ఎక్కిస్తే నట్టు బిగించే స్టడ్డు మర పోతుంది. నట్టు అడుగున ఏటవాలు కూడా మీ అలాయ్‌కి సరిపోవాలి. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి.

అన్నట్టు, పది రోజులకి ఆ టైర్ల షాపువాళ్లే ఫోన్ చేశారు, "సార్, మీ కీ మా గన్‌కే ఉంది" అని. అప్పటికి నట్లు పాత సామాన్లవాడికి వెళ్లిపోయాయి.

మీ నట్టు ముఖం దగ్గరగా ఫోటో తీసి పెట్టండి, పైరింగు వేలితో తిరుగుతోందో లేదో కూడా చెప్పండి. దాన్ని బట్టి సుత్తా, ఎక్స్‌ట్రాక్టరా అన్నది చెప్తాను.