అప్రైజల్ తక్కువ వస్తే కాంప్స్‌గా ఏ ఇళ్లు పంపాలి?

మీ ప్రశ్న ఇదీ: "కమ్మింగ్‌లో ఇల్లు కొంటున్నాం. అప్రైజల్ (లోన్ ఇచ్చే లెండర్ వేయించే ఇంటి విలువ అంచనా) కాంట్రాక్ట్ ధర కన్నా తక్కువ వచ్చింది. మీ దగ్గర కాంప్స్ (పోల్చడానికి, ఈమధ్య అమ్ముడైన అలాంటి ఇళ్లు) ఉంటే పంపమని లోన్ ఆఫీసర్ అన్నాడు. చుట్టుపక్కల ఎక్కువ రేటుకి పోయిన ఇళ్లు జిల్లో వెబ్‌సైట్‌లో చాలా ఉన్నాయి, అవి పంపితే చాలా?"

చాలదండి. నేను సరిగ్గా అదే చేయబోయాను.

2024 అక్టోబరులో మేం కొన్నదీ మీ కమ్మింగ్ ఉన్న ఫోర్సైత్ కౌంటీలోనే (జార్జియా). కాంట్రాక్ట్ 7,10,000 డాలర్లు, అప్రైజల్ 6,82,000. రెండింట్లో ఏది తక్కువో దాని మీదే లెండర్ లోన్ లెక్క కడతాడు కదా, 20 శాతం డౌన్ పేమెంట్‌తో మా లోన్ 22,400 తగ్గిపోయింది. అంత డబ్బు అదనంగా మేమే తేవాలి. ఆ రాత్రి టెన్షన్‌లో జిల్లో తెరిచి, ధర ఎక్కువున్నవి పైకి వచ్చేలా పెట్టుకుని తొమ్మిది ఇళ్లు ఏరాను. మా ఆవిడ లిస్టు చూసి "పెళ్లిచూపులకి పక్కింటబ్బాయి ఫొటో పంపినట్టుంది" అంది. నిజమే. అందులో ఒకటి ఇంకా క్లోజ్ కాలేదు, అంటే అమ్మకం పూర్తవలేదు. ఒకటి బిల్డర్ అమ్మిన కొత్త ఇల్లు. రెండు అమ్ముడై ఏడాది దాటిపోయింది. పొద్దున్నే మా రియల్టర్ ఆ లిస్టు పంపనివ్వలేదు.

ఆమె ఆపడం మంచిదైంది, ఎందుకంటే ఇలా తిరిగి చూడమని అడిగే అవకాశం ఒక్కసారే. మాది ఫ్యానీ మే (లెండర్ల దగ్గర ఇంటి లోన్లు కొనే సంస్థ) నియమాల కింద వచ్చే లోన్. అప్పటికి కొత్తగా అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం ఒక అప్రైజల్ మీద ఒక్క అభ్యర్థన, అందులో ఐదు ఇళ్లకి మించకూడదు. మీ లోన్‌కి ఏం వర్తిస్తుందో లోన్ ఆఫీసర్‌నే అడగండి. అప్రైజర్‌కి మీరు నేరుగా ఫోన్ చేయకండి. ఏం పంపినా మీ లెండర్ ద్వారానే వెళ్లాలి.

ముందు అప్రైజల్ రిపోర్ట్ కాపీ తీసుకుని, అప్రైజర్ పోలికకి వాడిన మూడు ఇళ్లు చూడండి. అసలు పని అక్కడే ఉంది. మా రిపోర్ట్‌లో ఒకటి మెక్‌గినిస్ ఫెర్రీ రోడ్డుకి అవతలది, జాన్స్ క్రీక్ వైపు. మ్యాప్‌లో మా ఇంటికి మైలు దూరం కూడా లేదు. కానీ రోడ్డు దాటితే ఫుల్టన్ కౌంటీ. స్కూళ్లు వేరు, పన్ను వేరు, పైగా మా ఇంటికన్నా పద్దెనిమిదేళ్లు పాతది. రెండోది మా సబ్‌డివిజన్‌లోదే (మన కాలనీ లాంటిది) కానీ బేస్‌మెంట్ ఫినిష్ చేయలేదు, అంటే కింది అంతస్తుని ఉండటానికి వీలుగా తయారు చేయలేదు. మూడోదానికి అసలు బేస్‌మెంటే లేదు, నేల మీద పోసిన కాంక్రీట్ మీదే కట్టింది. మేం కొంటున్న ఇంటికేమో కింద 1,100 చదరపు అడుగుల ఫినిష్డ్ బేస్‌మెంట్, అందులో బాత్రూమ్.

మన వైపు బేస్‌మెంట్ దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. లిస్టింగ్‌లో 4,250 చదరపు అడుగులని ఉంటుంది, అందులో కింది అంతస్తు కూడా కలిపేస్తారు. అప్రైజర్ మాత్రం నేల పైనున్నదే ఇంటి విస్తీర్ణం కింద రాస్తాడు. బేస్‌మెంట్ ఎంత బాగా ఫినిష్ చేసినా, వెనక నుంచి నేరుగా బయటికి నడిచి వెళ్లే తలుపున్నా, దాన్ని వేరే వరుసలో చూపించి వేరే రేటు వేస్తాడు. మా లెక్క 3,150 ప్లస్ 1,100. నేల పైనే 4,200 ఉన్న ఇంటిని మా ఇంటి పక్కన పెడితే, ఆ తేడాకి ఆయన దాని ధర తగ్గించి చూస్తాడు, మనకి ఒరిగేదేమీ ఉండదు.

చివరికి మూడే పంపాం. మూడూ ఆర్నెల్ల లోపు, అప్రైజల్ తేదీకి ముందే క్లోజ్ అయినవి. అదే ఎలిమెంటరీ స్కూల్, నేల పైన విస్తీర్ణంలో 200 చదరపు అడుగులకి మించి తేడా లేదు, అన్నిటికీ ఫినిష్డ్ బేస్‌మెంట్. ధరలు 7,18,000, 7,05,000, 6,95,000. చివరిది మన కాంట్రాక్ట్ కన్నా బాగా తక్కువ కదా, ఎందుకు పెట్టడం అని నేను వాదించాను. "అది దాస్తే మిగతా రెండూ నమ్మరు" అంది మా రియల్టర్. ఒక్కో ఇంటికి రెండేసి లైన్లు రాశాం: ఎక్కడ మా ఇంటిలా ఉంది, ఎక్కడ లేదు. 7,18,000 ఇంటికి సెల్లర్ 10,000 క్లోజింగ్ ఖర్చులు ఇచ్చాడని ఎమ్మెల్లెస్ (రియల్టర్లు వాడే ఇళ్ల అమ్మకాల జాబితా) షీట్‌లో ఉంది, అదీ రాసేశాం. బిల్డర్ ఇళ్లు నేను వద్దనేది కూడా ఇందుకే: వడ్డీ తగ్గింపులు, అప్‌గ్రేడ్‌లు కలిపేసిన ధరలో అసలు ఇంటిది ఎంతో తేల్చడం కష్టం.

తూర్పు ముఖం అని రాద్దామనుకున్నా. మనకది ఎంత ముఖ్యమో నాకూ తెలుసు, ఆ ఇంటికి మేం అంత పెట్టింది కొంత అందుకే. కానీ దానికి ఈ మార్కెట్ ఎక్కువ ఇస్తోందని అమ్మకాలతో చూపించలేకపోతే అప్రైజర్‌కి అది పనికిరాదు. ఇక మనవాళ్లు ఎక్కువమంది ఉన్న కమ్యూనిటీ అన్న మాట లెటర్‌లోకి అస్సలు రానివ్వకండి. ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం అప్రైజర్ దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

విలువ 7,00,000కి పెరిగింది. అడిగినంతా రాలేదు. సెల్లర్ 6,000 తగ్గాడు, మిగతా 4,000 మేం పెట్టుకున్నాం.

ఇంకోటి, మీ కాంట్రాక్ట్‌లో అప్రైజల్ కంటింజెన్సీ (అప్రైజల్ తక్కువొస్తే వెనక్కి తగ్గే వెసులుబాటు) గడువు ఏ రోజుతో అయిపోతుందో ఇవాళే చూడండి. నాలుగు రోజులుండగా మేం పంపితే జవాబు ఆరో రోజుకి వచ్చింది. మధ్యలో గడువు పొడిగింపు మీద సెల్లర్ సంతకం కోసం రాత్రి పదకొండింటి దాకా ఫోన్ పట్టుకుని కూర్చున్నాం.