డాక్టర్ సలహా: సిరామిక్ పోగుల దుమ్మును తూచితే చాలదు, లెక్కపెట్టాలి

ప్రశ్న: నా వయసు 36. ఆరేళ్లుగా ఫర్నేసులకు సిరామిక్ బ్లాంకెట్ (వేడిని ఆపే సిరామిక్ పోగుల దుప్పటి) లైనింగ్ వేయడం, పాతది పీకేయడం నా పని. ఒళ్లంతా దురద, నెల రోజులుగా పొడి దగ్గు. ఈమధ్య షెడ్డు మధ్యలో స్టాండు మీద యంత్రం పెట్టి గాలి పరీక్ష చేశారు. దుమ్ము పరిమితిలోనే ఉందన్నారు. ఎక్స్‌రే కూడా నార్మలే. ఇక భయం లేనట్టేనా?
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: అలా అనుకోకండి. ఆ రిపోర్టు తప్పని నేననను, కానీ అది మీరు పీల్చినదాన్ని కొలవలేదు. షెడ్డు మధ్యలో ఉన్న గాలి వేరు, బ్లాంకెట్ కోస్తున్నప్పుడు మీ ముక్కు ముందు ఉన్న గాలి వేరు.

పైగా దుమ్మును మిల్లీగ్రాముల్లో తూచినట్టున్నారు. ఈ పోగులను తూచకూడదు, లెక్కపెట్టాలి. సిరామిక్ పోగులకు అమెరికా నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ సూచించే పరిమితి, 8 గంటల సగటున ఘన సెంటీమీటరు గాలికి 0.2 పోగు. వినడానికి ఎంతో తక్కువ. కానీ ఒక షిఫ్టులో మనిషి దాదాపు 10 ఘన మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే 20 లక్షల పోగులు! ఒక్కోటి 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం, 20 మైక్రాన్ల పొడవు అనుకుంటే, ఘన మీటరు గాలిలో ఉన్నవన్నీ కలిపినా 0.01 మిల్లీగ్రాము తూగవు. తూకంలో అవి ఎక్కడ కనపడతాయి?

సరైన పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997లోనే ప్రచురించింది. నడుముకు చిన్న పంపు కడతారు. దాని గొట్టం భుజం మీదుగా వచ్చి, కాలర్ దగ్గర కిందికి తిరిగి ఉన్న 25 మిల్లీమీటర్ల ఫిల్టర్‌కు కలుస్తుంది. తర్వాత ఆ ఫిల్టర్‌ను సన్నని పారదర్శక పోగులను కూడా స్పష్టంగా చూపించే ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు కింద పెట్టి, 5 మైక్రాన్ల కంటే పొడవు, 3 మైక్రాన్లలోపు మందం, మందానికి మూడు రెట్లకు మించి పొడవు ఉన్నవాటిని ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. మీకు దురద పెట్టించేవి ఎక్కువగా లావు పోగులు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేవి ఈ సన్నవే. కాబట్టి దురద తగ్గినంత మాత్రాన గాలి బాగున్నట్టు కాదు.

పాత లైనింగ్ పీకే రోజునే కొలవమని గట్టిగా అడగండి. ఆ రోజు దుమ్ము దట్టంగా ఉంటుంది, ఒకే ఫిల్టర్ పెట్టేస్తే నిండిపోయి లెక్కకు పనికిరాదు, మధ్యలో మార్చాలి. బాగా కాలిన బ్లాంకెట్‌లో క్రిస్టోబలైట్ అనే, ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా కూడా తయారవుతుంది. దాన్ని విడిగా పరీక్షించాలి. యాజమాన్యం వినకపోతే ఫ్యాక్టరీల శాఖకు రాసివ్వండి.

ఎక్స్‌రే ఎంత పీల్చారో చెప్పదు, జరిగిన నష్టాన్ని ఎన్నో ఏళ్ల తర్వాత చూపిస్తుంది. సిరామిక్ పోగులు మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో 1988 నుంచీ ఉన్నాయి. అందుకే కొలత వచ్చేదాకా ఆగొద్దు. లైనింగ్‌ను తడిపి పీకండి, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 కానీ అంతకంటే మెరుగైన మాస్క్ కానీ పెట్టుకోండి, కంప్రెసర్ గాలితో బట్టలు దులపకండి. ఆ బట్టలు ఇంటికీ తేవద్దు, పిల్లలున్నారంటే మరీనూ.

దగ్గు రెండు వారాలు దాటింది కాబట్టి ముందు కళ్లె పరీక్ష చేయించి టీబీ లేదని తేల్చుకోండి. తర్వాత స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ గాలి పరీక్ష రిపోర్టు, వాడిన బ్లాంకెట్ పేరు రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి.