టాంపాన్ గుచ్చుకుంటోందా? పాఠకుల ప్రశ్నలకు గైనకాలజిస్టుల జవాబులు

నెలసరి రక్తాన్ని పీల్చుకోవడానికి యోనిలో పెట్టుకునే దూది చుట్టలే టాంపాన్లు. వాటి గురించి అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిని కలిపే మాట ఒకటుంది: "నొప్పిగా ఉంటోంది, అందరికీ ఇంతేనా?" కాదు. సరిగ్గా లోపలికి వెళ్లిన టాంపాన్ ఒంట్లో ఉన్న సంగతే తెలియకూడదు. తెలుస్తోందంటే ఎక్కడో తేడా ఉంది, ఆ తేడాను దాదాపు ఎప్పుడూ కనిపెట్టి సరిచేయవచ్చు. ఓర్చుకోవాల్సిన అవసరం లేదు.

*

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. విశాఖలో స్విమ్మింగ్ శిక్షణకు వెళ్తున్నాను. పీరియడ్స్‌లో కూడా మానకూడదని టాంపాన్లు కొన్నాను. సగం వెళ్లి ఆగిపోతోంది. కూర్చుంటే గుచ్చుకుంటోంది, నడిస్తే రాసుకుంటోంది. నా శరీరానికి ఇది పడదంటారా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే లోపం మీ శరీరంలో కాదు, టాంపాన్ ఆగిన చోటులో ఉంది. యోని మార్గంలో ద్వారానికి దగ్గరగా ఉండే మూడో వంతు భాగంలోనే స్పర్శను తెలిపే నరాలు ఎక్కువ. చుట్టూ బిగుసుకునే కండరాలు ఉండేదీ అక్కడే. టాంపాన్ ఆ భాగంలో ఆగితే ప్రతి కదలికకూ తగులుతుంది. దాన్ని దాటి లోపలికి వెళ్తే స్పర్శ బాగా తగ్గిపోతుంది. అంటే మీరు భయపడి మరీ కొంచెమే పెట్టుకోవడం వల్ల నొప్పి తగ్గడం లేదు, పెరుగుతోంది.

ఇక సగంలో ఎందుకు ఆగుతోందో చూద్దాం. మొదటిసారి వాడేవాళ్లలో చాలామంది తిన్నగా పైకి తోస్తారు. యోని మార్గం నిటారుగా ఉండదు. నడుము కింది భాగం వైపు, వెనక్కి వాలి ఉంటుంది. పైకి తోస్తే టాంపాన్ కొన ముందు గోడకు తగిలి ఆగుతుంది. ఆ గోడను ఆనుకునే మూత్రాశయం, మూత్రనాళం ఉంటాయి కాబట్టి నొప్పితో పాటు మూత్రం వస్తున్నట్టు కూడా అనిపించవచ్చు. రెండో కారణం, ఊపిరి బిగబట్టడం. ఊపిరి బిగిస్తే కటి కండరాలూ బిగుస్తాయి.

రక్తస్రావం బాగా ఉన్న రోజు, అంటే సాధారణంగా రెండో రోజు ప్రయత్నించండి. పీరియడ్ రాకముందే అలవాటు చేసుకుందామని పొడిగా ఉన్నప్పుడు పెట్టుకోవడం మంచిది కాదు, దూది గోడలకు పట్టేసి నొప్పి పెడుతుంది. పెట్టెలో ఉన్నవాటిలో అన్నిటికంటే సన్నని రకం, లైట్ అని రాసి ఉండేది తీసుకోండి. చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వండి. మన దగ్గర ఎక్కువగా దొరికేవి వేలితో తోసే రకం. కవరు తీశాక దారాన్ని ఒకసారి లాగి గట్టిగా ఉందో లేదో చూసుకోండి. దారం ఉన్న అడుగు భాగాన్ని కాస్త విప్పారేలా చేస్తే చూపుడు వేలి కొన పట్టేంత గుంట ఏర్పడుతుంది. గొంతుక్కూర్చోవడం అలవాటున్నవాళ్లకు అదే అన్నిటికంటే సులువైన భంగిమ. లేదంటే ఒక కాలు పీట మీద పెట్టి నిలబడండి. ఒక చేత్తో యోని పెదవులను విడదీసి, టాంపాన్ కొనను ద్వారం దగ్గర ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ తోక ఎముక వైపుకు తోయండి. వేలు రెండో కణుపు దాకా వెళ్లేంత లోపలికి చేరాలి. దారం బయట వేలాడాలి.

ఇప్పుడు లేచి నాలుగడుగులు వేయండి. ఇంకా తగులుతుంటే శుభ్రమైన వేలితో మరికాస్త లోపలికి జరపండి. అయినా కుదరకపోతే తీసేయండి. తీసినదాన్ని మళ్లీ పెట్టుకోకూడదు, కొత్తది తీసుకోవాలి. రెండుసార్లు ప్రయత్నించినా కాకపోతే ఆ రోజుకు వదిలేయండి. మంటపుట్టిన చోటే పదే పదే తోస్తే కండరాలు మరింత బిగుస్తాయి. మరీ రాపిడిగా అనిపిస్తే నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్లీ చుక్కంత కొనకు రాయవచ్చు. వాసెలిన్ వద్దు.

ఈతకు దిగే ముందే పెట్టుకోండి, గంటల ముందు కాదు. దారాన్ని యోని పెదవుల మధ్య లోపలికి మడిస్తే స్విమ్‌సూట్‌లోంచి బయటికి రాదు. నీళ్లలోంచి వచ్చాక వెంటనే మార్చండి. దారం తడిసి చర్మానికి రాసుకుంటూ ఉంటే ఒరుసుకుపోతుంది.

*

ప్రశ్న: పెట్టుకునేటప్పుడు ఏమీ లేదు. తీసేటప్పుడే ప్రాణం పోతుంది, ముఖ్యంగా నాలుగో రోజు. లోపలి చర్మం ఊడి వస్తున్నట్టు ఉంటుంది. లీక్ అవుతుందన్న భయంతో మొదటి నుంచీ ఎక్కువ పీల్చే సూపర్ రకమే వాడుతున్నాను.
– హైదరాబాద్ పాఠకురాలు, 31

జవాబు: నాలుగో రోజు సూపర్ వాడటమే మీ సమస్య. టాంపాన్ పీల్చేది రక్తాన్ని మాత్రమే కాదు. రక్తం చాలనప్పుడు యోని గోడలను తడిగా ఉంచే స్రావాన్ని కూడా పీల్చేస్తుంది. పొడిబారిన గోడకు పొడి దూది అంటుకుంటుంది. దాన్ని లాగితే పైపొర గీసుకుపోతుంది, ఆ మంట మరుసటి రోజు మూత్రానికి వెళ్లినప్పుడూ తెలుస్తుంది.

పెట్టె మీద ఉండే పేర్లు పొడవును బట్టి, లావును బట్టి పెట్టినవి కావు. ఎంత పీలుస్తుందో చెప్పే కొలతలవి. అమెరికా ప్రమాణం ప్రకారం లైట్ 6 గ్రాములు లేదా అంతకు తక్కువ, రెగ్యులర్ 6 నుంచి 9, సూపర్ 9 నుంచి 12, సూపర్ ప్లస్ 12 నుంచి 15 గ్రాముల దాకా పీలుస్తాయి. నాలుగో రోజు మీకు కావలసింది లైట్, చాలామందికి అదీ అక్కర్లేదు, పల్చటి ప్యాడ్ సరిపోతుంది. ఒకే సైజు పెట్టె కొని అయిదు రోజులూ అదే వాడటమే ఎక్కువమంది చేసే పొరపాటు. రెండు సైజులు దగ్గర ఉంచుకోండి.

తీసిన టాంపాన్‌ను ఒకసారి చూస్తే మీకే తెలిసిపోతుంది. నాలుగు గంటలకు కూడా తెల్లగా మిగిలి, తీసేటప్పుడు పట్టేస్తుంటే ఒక మెట్టు తగ్గించండి. నాలుగు గంటల లోపే నిండి దారం కూడా తడిసిపోతుంటే ఒక మెట్టు పెంచండి. సూపర్ కూడా గంటకో రెండు గంటలకో నిండుతూ, అలా వరసగా కొన్ని గంటలు సాగితే అది సైజు సమస్య కాదు. గర్భాశయంలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు), థైరాయిడ్, రక్తం గడ్డకట్టడంలో లోపం లాంటి కారణాలు ఉండవచ్చు. డాక్టర్‌కు చూపించుకుని హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోండి.

పట్టేసినప్పుడు ఒక్కసారిగా గుంజకండి. పెట్టుకుని ఇంకా ఎక్కువ సమయం కాకపోతే గంటా గంటన్నర ఆగితే తడిసి దానంతటదే వదులవుతుంది. ఆగే వీలు లేకపోతే ద్వారం చుట్టూ గోరువెచ్చని నీళ్లు పోసుకుని, కొద్దిగా జెల్లీ రాసి, గొంతుక్కూర్చుని, ఊపిరి వదులుతూ దారాన్ని కిందికీ ముందుకీ వాలుగా లాగండి. పెట్టిన వాలులోనే బయటికి రావాలి.

తడిగా, సులువుగా వచ్చిన టాంపాన్ తర్వాత కూడా మంట ఉంటే కారణం వేరు. సెంటు వాసన కలిపిన రకాలు కొందరికి పడవు, వాసన లేనివి వాడండి. దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే ఫంగల్ ఇన్ఫెక్షన్ కావచ్చు. అందుకు లోపల పెట్టే మాత్రలు వాడుతున్న రోజుల్లో టాంపాన్ పెట్టకూడదు, మందును అదే పీల్చేస్తుంది.

*

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడ అప్లికేటర్ ఉన్నవే ఎక్కువ. మా 14 ఏళ్ల అమ్మాయికి ప్లాస్టిక్ గీసుకుని నొప్పి పెడుతోందట. రాత్రంతా ఉంచుకుంటే ప్రాణాంతకమని కూడా విన్నాను, నిజమేనా?

జవాబు: ముందు అప్లికేటర్ సంగతి. అందులో రెండు గొట్టాలుంటాయి. లావు గొట్టంలో టాంపాన్, దాని వెనుక తోసే సన్న గొట్టం. పొట్టిగా ముడుచుకుని వచ్చే రకమైతే వాడేముందు సన్న గొట్టాన్ని టక్కుమనే దాకా వెనక్కి లాగాలి. లావు గొట్టాన్ని, పట్టుకున్న వేళ్లు శరీరానికి తగిలే దాకా లోపలికి పంపి, ఆ తర్వాతే సన్న గొట్టాన్ని పూర్తిగా తోయాలి. పిల్లలు భయంతో గొట్టం సగం లోపల ఉండగానే తోసేస్తారు. అప్పుడు టాంపాన్ ద్వారం దగ్గరే ఆగుతుంది, విచ్చుకున్న ప్లాస్టిక్ రెక్కలు చర్మాన్ని గిల్లుతాయి. మీ అమ్మాయికి జరుగుతున్నది ఇదే కావచ్చు. తోశాక రెండు గొట్టాలూ కలిపి బయటికి తీసేయాలి, లోపల టాంపాన్ ఒక్కటే మిగలాలి.

ఇక మీరు విన్నది టాక్సిక్ షాక్ సిండ్రోమ్ గురించి. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు విడుదల చేసే విషం రక్తంలో కలవడం వల్ల ఇది వస్తుంది. 1980లో అమెరికాలో టాంపాన్ వాడేవాళ్లలో ఎక్కువగా కనిపించింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో రిలై అనే అతిగా పీల్చే టాంపాన్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. పెట్టెల మీద పీల్చే సామర్థ్యాన్ని ఒకే ప్రమాణంలో ముద్రించాలన్న నిబంధన ఆ తర్వాత వచ్చిందే. ఇప్పుడు ఈ జబ్బు చాలా అరుదు. అయినా వస్తే గంటల్లో ముదురుతుంది కాబట్టి జాగ్రత్తను తేలిగ్గా తీసుకోకూడదు.

నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య మార్చాలి, ఎనిమిది ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. పడుకునే ముందు కొత్తది పెట్టుకుని లేవగానే తీస్తే ఫర్వాలేదు. కానీ సెలవు రోజుల్లో పిల్లలు తొమ్మిది, పది గంటలు నిద్రపోతారు, అలాంటప్పుడు ప్యాడే మేలు. టాంపాన్ ఉండగా ఒక్కసారిగా 102 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు పైన జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండకు కమిలినట్టు ఎర్రటి దద్దు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే టాంపాన్ తీసేసి ఎమర్జెన్సీకి వెళ్లండి. టాంపాన్ వాడుతున్న సంగతి అక్కడ ముందుగా చెప్పాలి. ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లు మళ్లీ టాంపాన్ వాడకూడదు.

*

ప్రశ్న: అమ్మాయి టాంపాన్ వాడతానంటోంది. పెళ్లికాని పిల్లకు కన్నెపొర చిరిగిపోతుందని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. – గుంటూరు నుంచి ఒక తల్లి

జవాబు: కన్నెపొర దారిని మూసే తలుపు కాదండీ. మధ్యలో ఖాళీ ఉంటుంది, నెలసరి రక్తం వచ్చేది అందులోంచే. యుక్తవయసులో హార్మోన్ల వల్ల అది మెత్తబడి సాగుతుంది. సన్నని టాంపాన్ సాధారణంగా అందులోంచే వెళ్తుంది, కొందరిలో అంచు కాస్త సాగవచ్చు, చీలవచ్చు. కొందరికి పుట్టుకతోనే ఆ పొర నామమాత్రంగా ఉంటుంది. దాన్ని చూసి ఒక అమ్మాయి గురించి ఏమీ తేల్చలేరు. అత్యాచార కేసుల్లో బాధితురాలికి లైంగిక అనుభవం ఉందో లేదో తేల్చడానికంటూ చేసే రెండు వేళ్ల పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అత్తగారికి ఈ మాట నెమ్మదిగా వివరించండి. మీ అమ్మాయికి ప్యాడే సౌకర్యంగా ఉంటే అదీ సరే, నిర్ణయం తనది.

*

ప్రశ్న: ఎన్నిసార్లు ప్రయత్నించినా గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. ఒకసారి ఎలాగో లోపలికి వెళ్లింది కానీ బయటికి రావడానికి నరకం చూశాను. – కరీంనగర్, 24

జవాబు: మీరు ఒక్కసారి డాక్టర్‌కు చూపించుకోవాలి, ఎందుకంటే మీరు రాసిన రెండు మాటలూ రెండు వేర్వేరు కారణాలను సూచిస్తున్నాయి.

కొందరిలో కన్నెపొర మధ్య నుంచి ఒక సన్నని కండ పట్టీ అడ్డంగానో నిలువుగానో ఉంటుంది. టాంపాన్ సన్నగా ఉన్నప్పుడు దాని పక్క నుంచి దూరుతుంది, తడిసి ఉబ్బాక ఆ పట్టీకి తట్టుకుని రాదు. దీన్ని చిన్న శస్త్రచికిత్సతో తొలగిస్తారు. బయటి నుంచి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అప్పటిదాకా మళ్లీ టాంపాన్ పెట్టకండి.

రెండోది వెజినిస్మస్. ఏదైనా తాకబోతుండగానే యోని ద్వారం చుట్టూ కండరాలు మన ప్రమేయం లేకుండా బిగుసుకోవడం. ధైర్యం లేకనో మొండితనం వల్లనో కాదు, కన్ను రెప్ప వాలినట్టు అసంకల్పితంగా జరుగుతుంది. బలవంతంగా తోస్తే ముదురుతుంది. కటి కండరాల ఫిజియోథెరపీ, ఊపిరి సాధన, సన్నని సైజు నుంచి మొదలుపెట్టే డైలేటర్లతో (ద్వారాన్ని మెల్లగా అలవాటు చేసే నున్నటి గొట్టాల్లాంటి సాధనాలు) బాగా నయమవుతుంది. మొద్దుబార్చే క్రీములు రాసి టాంపాన్ పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, గాయమైనా తెలియదు. పరీక్ష మధ్యలో ఆపమనే హక్కు మీకుంది, ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి.

*

ప్రశ్న: దారం కనిపించడం లేదు. కడుపులోకి వెళ్లిపోతుందా? కాన్పయిన ఎన్నాళ్లకు వాడవచ్చు? వాడినవి ఎక్కడ పడేయాలి? – వేర్వేరు పాఠకురాళ్లు

జవాబు: కడుపులోకి వెళ్లదు. యోని మార్గం చివర గర్భాశయ ముఖద్వారం ఉంటుంది, దాని రంధ్రం టాంపాన్ పట్టనంత చిన్నది. చేతులు కడుక్కుని, గొంతుక్కూర్చుని, మలవిసర్జనకు ముక్కినట్టు కొద్దిగా ముక్కుతూ రెండు వేళ్లతో వెతకండి. ట్వీజర్లు, చిమటాలు లోపల పెట్టొద్దు. దొరకకపోతే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, తీయడం నిమిషాల పని. కుళ్లిన వాసన, గోధుమరంగు స్రావం కొన్ని రోజులుగా ఉంటే మరిచిపోయిన టాంపాన్ లోపలే ఉందేమో చూపించుకోవాలి. ఆఖరి రోజు పాతది తీయకుండానే కొత్తది పెట్టుకున్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

కాన్పు తర్వాత ఆరు వారాల పరీక్ష అయ్యేదాకా ప్యాడే వాడాలి. గర్భం రాకుండా వేయించుకునే కాపర్ టీ ఉన్నవాళ్లు టాంపాన్ తీసేటప్పుడు ఆ కాపర్ టీ దారం కలిసి రాకుండా చూసుకోవాలి.

వాడినదాన్ని టాయిలెట్‌లో ఫ్లష్ చేయకండి, ఉబ్బి పైపులో అడ్డుపడుతుంది. కాగితంలో గట్టిగా చుట్టి, మీ మున్సిపాలిటీ శానిటరీ వ్యర్థాలకు వేరే డబ్బా పెట్టి ఉంటే అందులో, లేదంటే పొడి చెత్తలో విడిగా వేయండి. చెత్త ఏరేవాళ్ల చేతికి విప్పుకుని తగలకుండా పైన ఎర్ర గీత గీస్తే మరీ మంచిది.